సిలబస్‌లో లేని పతనం

పశ్చిమ బెంగాల్ పదో తరగతి చరిత్ర 1964తో ఆగిపోతుంది. ఆఖరి అధ్యాయం స్వాతంత్ర్యం తర్వాతి భారతదేశం గురించి. సంస్థానాల విలీనం, విభజన, కాందిశీకుల శిబిరాలు, భాషాప్రయుక్త రాష్ట్రాలు. పొట్టి శ్రీరాములు గారి పేరు అక్కడే వస్తుంది. నేను ఆ పేరా పైకి చదువుతుంటే నాన్నగారు పేపరు పక్కన పెట్టి వినేవారు. ఆ తర్వాత నాలుగు పేజీలకే పుస్తకం అయిపోతుంది. దాని తర్వాత కలకత్తాలో ఏం జరిగిందని మాధ్యమిక్ పరీక్షలో ఎవరూ అడగరు.

మాధ్యమిక్ అంటే ఇక్కడి టెన్త్ పబ్లిక్. మాది శ్రీకాకుళం జిల్లా నుంచి తాతయ్య కాలంలోనే వచ్చేసిన కుటుంబం. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లో ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల మాలాంటి తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ. చరిత్ర, లెక్కలు రెండూ నేను బెంగాలీలోనే రాశాను. ఆ రెండు పరీక్షల గురించే ఈ వ్యాసం. అయితే నేను రాసిన జవాబుల కంటే, ఆ పేపర్లలో ఎక్కడా కనబడని ఒక పతనం గురించే ఎక్కువ చెప్పాలి.

చరిత్ర పేపరు తొంభై మార్కులకు ఉంటుంది. ఒక మార్కువి, రెండు మార్కులవి, నాలుగు మార్కులవి, చివర ఎనిమిది మార్కులకు ఒకే ఒక్క పెద్ద ప్రశ్న. మధ్యలో భారతదేశ పటం ఇచ్చి సంతాల్ తిరుగుబాటు జరిగిన చోటు గుర్తించమంటారు. కలకత్తా విశ్వవిద్యాలయం ఏ సంవత్సరంలో ఏర్పడింది? 1857. ఇది ఒక మార్కు ప్రశ్న. బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఎందుకు పెట్టారు? ఇది నాలుగు మార్కులది. స్వదేశీ ఉద్యమం నాడు, 1906 జూలైలో, తెల్లవాళ్ల చదువుకు బదులుగా మన పిల్లలకు మన చేతిపని, మన సైన్సు నేర్పాలని పెట్టారు. టెస్ట్ పేపర్లలో పదిసార్లు రాసి రాసి ఈ రెండు జవాబులూ నాకు కంఠతా వచ్చేశాయి. ఆ మొదటిది ఈ దేశంలో పరీక్ష అనే వ్యవస్థను నిలబెట్టిన సంస్థ. రెండోదే పెరిగి పెద్దదై 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం అయింది. పరీక్ష జరిపి తీరాలని పట్టుబట్టిన పెద్దమనిషిని కత్తులతో పొడిచి చంపింది అక్కడే. అది జరిగింది 1970లో. సిలబస్ దాటిపోయింది.

వైభవం తెలియకపోతే పతనం బరువు తెలియదు. అందుకని ముందు ఆ రోజులు చెబుతాను.

1857 జనవరి 24న కలకత్తా విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. ఆ మార్చిలోనే తొలి ఎంట్రన్స్ పరీక్ష పెట్టారు, 244 మంది రాశారు. మరుసటి ఏడు, 1858లో, తొలి బి.ఏ. పరీక్ష జరిగింది. ఎవరూ పాస్ కాలేదు. ఒక్క పేపర్లో మార్కులు తగ్గిన ఇద్దరికి ఏడేసి మార్కులు కలిపి రెండో తరగతిలో పాస్ చేశారు. వాళ్లలో ఒకరు జదునాథ్ బోస్, ఇంకొకరు బంకించంద్ర ఛటర్జీ. దేశమంతా పేరు మోగబోయే మనిషికి కూడా కలిపింది ఏడు మార్కులే, ఆ కలిపిన సంగతి కూడా దాచలేదు. ఆ కాలపు పరీక్ష ఎంత నిక్కచ్చిగా ఉండేదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఆ రోజుల్లో ఈ విశ్వవిద్యాలయం పరిధి లాహోర్ నుంచి రంగూన్ దాకా ఉండేది. ఎక్కడి పిల్లవాడైనా కలకత్తా పరీక్ష పాసయ్యాడంటే ఇంకో మాట అడిగేవారు కాదు. 1878లో కాదంబినీ బోస్ ఎంట్రన్స్ పాసై, 1883లో చంద్రముఖీ బోస్‌తో కలిసి బి.ఏ. పట్టా అందుకుంది. ఆడపిల్లకు చదువెందుకని లోకం అడుగుతున్న రోజుల్లో, జవాబుపత్రం మాత్రం రాసింది ఆడపిల్లా మగపిల్లవాడా అని అడగలేదు.

నా మనసుకు బాగా పట్టింది ఇదే. జమీందారు కొడుకు, రైల్వే గుమాస్తా కూతురు ఒకే ప్రశ్నకు ఒకే హాల్లో కూర్చుని జవాబు రాస్తారు. దిద్దేవారికి పేరు తెలియదు, కులం తెలియదు, ఇల్లు తెలియదు. నంబరు ఒక్కటే తెలుస్తుంది. ముఖమైనా చూసుకోని ఇద్దరి మధ్య నడిచే నమ్మకం అది. పరీక్ష పద్ధతిలో లోపాలు లేవని నేననను. బట్టీ చదువు తెచ్చింది, పాఠాన్ని గైడు పుస్తకంగా మార్చింది. కానీ చేతిలో ఏమీ లేనివాడికి ఈ నగరం తెరిచి ఉంచిన తలుపు ఇదొక్కటే.

లెక్కల్లో ఆ నమ్మకానికి ఇంకా అందమైన కథలున్నాయి. హిందూ స్కూల్లో సత్యేంద్రనాథ్ బోస్ చదువుతున్నప్పుడు లెక్కల మాస్టారు ఉపేంద్రనాథ్ బక్షీ అతనికి నూటికి నూటపది వేశారట. కొన్ని లెక్కలను కుర్రవాడు ఒకటి కంటే ఎక్కువ పద్ధతుల్లో చేసి చూపించాడు. ఆ పది మార్కులు ఆ ఎక్కువ పద్ధతులకు. ఈ కథ బెంగాల్లో లెక్కలు చెప్పే ప్రతి మాస్టారికీ తెలుసు. నాకు దీంట్లో బోస్ ప్రతిభ కంటే ఆ మాస్టారు కళ్లే కనిపిస్తాయి. ఎంత ఓపికగా ఒక్కో మెట్టూ చదివి ఉండాలి! విశ్వవిద్యాలయాన్ని ఆ స్థాయికి తెచ్చిన అశుతోష్ ముఖర్జీ స్వయంగా గణితవేత్త. ఆయనే భవానీపూర్ మిత్రా ఇన్‌స్టిట్యూషన్‌లో లెక్కలు చెప్పడానికి కేశవచంద్ర నాగ్ గారిని తెచ్చారు. ఆ కె.సి. నాగ్ లెక్కల పుస్తకాలు చేయకుండా బెంగాల్లో బడి చదువు దాటినవాళ్లు చాలా తక్కువ. వాటిలోని ఒక లెక్కలో నూనె రాసిన వెదురుగడ ఎక్కే కోతి ఒక నిమిషం ఎక్కి మరు నిమిషం జారుతుంది. మా తరం దాకా అది ఆ గడ దిగలేదు.

మరి ఇదంతా ఎప్పుడు చెడింది? చరిత్ర పరీక్ష రాసినదాన్ని కాబట్టి కారణాలు, సంఘటనలు, ఫలితాలు అని మూడు ముక్కలు చేసి రాయడం నాకు అలవాటే. మొగల్ సామ్రాజ్యం ఎందుకు కూలిందంటే ఔరంగజేబు దగ్గర మొదలుపెట్టి ఏడు కారణాలు వరసగా రాసేస్తాం. ఆ పతనం మీద నాలుగు సంపుటాలు రాసిన జదునాథ్ సర్కార్ కూడా 1926 నుంచి 1928 దాకా ఈ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి. ప్రమాణాలు జారిపోతున్నాయని ఆయన ఆనాడే బాధపడ్డారు. అంతకు ముందు, 1917లో వేసిన శాడ్లర్ కమిషన్ కూడా ఇదే చెప్పింది. బడి పరీక్షలను విశ్వవిద్యాలయం నెత్తి మీద నుంచి దించండి, వేరే బోర్డుకు అప్పగించండి అంది. అది జరగడానికి ముప్పై ఏళ్లు దాటింది. 1951లో సెకండరీ బోర్డు వచ్చింది. అప్పటికి విభజన జరిగి, లక్షల మంది కాందిశీకులు వచ్చి, నగరం కిక్కిరిసిపోయింది. పాసైనవాళ్లు పెరిగారు, ఉద్యోగాలు పెరగలేదు. కాలేజీ స్ట్రీట్‌లో పెద్ద స్తంభాలతో నిలబడ్డ సెనేట్ హౌస్‌ను 1960లో కూల్చేశారు. తరతరాల పిల్లలు పరీక్ష రాసిన హాలు అది. దాని చోట శతాబ్ది భవనం కట్టారు.

1967లో నక్సల్బరీ తిరుగుబాటు. 1969 మే డే నాడు కలకత్తా మైదానంలో ఆ తిరుగుబాటుదారుల కొత్త పార్టీ ప్రకటన. ఈ చదువు బానిసలను తయారుచేసే చదువు, బళ్లూ కాలేజీలూ వదిలి పల్లెలకు పొండి అన్న పిలుపు. శ్రీకాకుళంవాళ్లకు ఈ కథ కొత్త కాదు. మా కొండల్లో ఆ ఉద్యమానికి ముందు నిలిచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ పలకా బలపం పట్టించిన బడిపంతుళ్లే. 1970 జూలై 10న ఇద్దరినీ పోలీసులు కాల్చి చంపారు. కలకత్తాలో మాత్రం కోపం పంతుళ్ల మీదికే తిరిగింది. ఆ పిలుపు అందుకున్న పిల్లల కోపం ఉత్త పిచ్చి అని నేననలేను. పట్టా చేతబట్టుకుని ఏళ్ల తరబడి తిరిగిన అన్నలను వాళ్లు ఇళ్లల్లో చూశారు. వాళ్ల ప్రాణాలకూ విలువ లేకుండా పోయింది. 1971 ఆగస్టులో బరానగర్, కాశీపూర్ వీధుల్లో ఎందరు కుర్రాళ్లను చంపారో లెక్క ఇప్పటికీ తేలలేదు. అయినా వాళ్లు బళ్లలో జొరబడి రికార్డులు తగలబెట్టడం, లేబరేటరీలు పగలగొట్టడం, కాలేజీ స్క్వేర్‌లో విద్యాసాగరుడి విగ్రహం తల నరికేయడం తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. బెంగాలీ పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన.

ఇక గోపాల్ సేన్ గారి సంగతి. ఈ పేరు నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరు, గాంధేయవాది. 1970లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి తాత్కాలిక ఉపకులపతి. పరీక్షలు బహిష్కరించాలని ఉద్యమం హుకుం జారీ చేసింది. రాయాలనుకున్న పిల్లలకు పరీక్ష పెట్టి తీరాలని ఆయన నిలబడ్డారు, పెట్టించారు. ఆయన పదవీ విరమణకు ఒక్క రోజే మిగిలింది. డిసెంబరు 30 సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని, ఎప్పటిలాగే క్యాంపస్ లోపలి దారిన నడుచుకుంటూ ఇంటికి బయలుదేరారు. దారిలో కాపు కాసి పొడిచేశారు.

ఒక్క రోజు ఆగితే ఆయన మామూలు రిటైర్డ్ మాస్టారు అయిపోయేవారు. ఈ ఒక్క రోజు దగ్గరే నా ఆలోచన ఎప్పుడూ ఆగిపోతుంది. జవాబుపత్రం రాసేవాడికీ దిద్దేవాడికీ మధ్య ఉన్న నమ్మకాన్ని కాపాడటానికి ప్రాణం పెట్టినవారు ఈ నగరంలో ఉన్నారంటే, అది ఎనిమిది మార్కుల ప్రశ్నకు తగిన సంగతి కాదా? స్వదేశీవాళ్లు ఆ సంస్థను ఎందుకు పెట్టారో నాలుగు మార్కులకు అడిగినప్పుడు, అక్కడ పని చేసిన ఈ మనిషిని ఎందుకు చంపారో కూడా పిల్లలకు చెప్పాలి.

ఆయన పోయాక కట్ట తెగింది. 1971, 72ల్లో కలకత్తా పరీక్షలకు ఇక్కడివాళ్లు పెట్టుకున్న పేరు గణటోకాటుకి, అంటే మూకుమ్మడి కాపీ. పరీక్షలు నెలల తరబడి వాయిదా పడేవి, ఫలితాలు ఇంకా ఆలస్యంగా వచ్చేవి.

మా పెదనాన్న 1972లో బి.ఎస్సీ. లెక్కల పరీక్ష రాశారు. నా మాధ్యమిక్ లెక్కల పరీక్ష ముందు రాత్రి ఆ సంగతి చెప్పమని నేనే అడిగాను. హాల్లో పక్క కుర్రాడు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టుకున్నాడట. ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోకుండా దాని మీద కత్తి పెట్టాడు. ఆ కత్తి ఎవరినీ పొడవడానికి తెచ్చింది కాదనీ, అయినా అది అక్కడ ఉన్నంతసేపూ ఇన్విజిలేటరు ఆ వరస వైపు రాలేదనీ, కిటికీలోంచి ట్రాములు చూస్తూ నిలబడ్డారనీ పెదనాన్న చెప్పారు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదట. రాయడం అయ్యాక పేజీలు చింపి, ‘దాదా, మీరూ రాసుకోండి’ అని ఈయన వైపు తోశాడు. పెదనాన్న తీసుకోలేదు. తనకు వచ్చింది తాను రాశారు. ఒక లెక్క రాలేదు, దాన్ని వదిలేశారు.

ఫలితం వచ్చి, పట్టా చేతికొచ్చి, విశాఖపట్నంలో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారు. ఆ ఆఫీసరు పట్టా తీసుకుని ‘కలకత్తా, డెబ్బై రెండు’ అని పైకి చదివి, మడిచి, బల్ల మీదుగా వెనక్కి తోసేశాడట. ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు.

‘మీరు కాపీ కొట్టలేదని చెప్పలేకపోయారా పెదనాన్నా?’ అన్నాను.

‘చెప్పకేం తల్లీ, చెప్పాను. కాపీ కొట్టినోడూ అదే మాట చెప్తాడు కదా!’

ఆయనకు పర్మనెంటు ఉద్యోగం రాలేదు. గార్డెన్ రీచ్ పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పి బతికారు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే లెక్కంతా కొట్టేసేవారు. ‘మెట్టు లేకపోతే నువ్వే చేశావని ఎవడు నమ్ముతాడే?’ అనేవారు. జ్యామితిలో సిద్ధాంతం నిరూపించేటప్పుడు దత్తాంశం, నిరూపించాల్సింది, నిర్మాణం, ఉపపత్తి అన్నీ వరసగా ఉండాలి. బోర్డు కూడా మెట్టు మెట్టుకూ మార్కు వేస్తుంది కాబట్టి ఆ పట్టుదల పరీక్షలో బాగానే పనికొచ్చింది. ఆయన దాన్ని మార్కుల కోసం పెట్టుకోలేదని ఆ రాత్రే తెలిసింది.

కాపీ కొట్టినవాళ్లు ఏమయ్యారన్నది ఇక్కడి ముఖ్యమైన ప్రశ్న కాదు. చాలామంది ఏదో ఒకలా బతికి బట్టకట్టారు. ఒక పరీక్ష కూలితే మొదట పోయేది నిజాయితీగా రాసినవాడు. అతని కాగితం మిగతా కాగితాల్లో కలిసిపోతుంది, వేరు చేసి చూపించే దారి ఉండదు. ఈ నగరంలో ఆ రెండు మూడేళ్ల పట్టాలన్నిటి మీదా ఒకే మచ్చ పడింది. చదివి రాసిన వేల మంది దాన్ని జన్మంతా మోశారు.

ఆ తర్వాత పరీక్షలు మళ్లీ గాడిన పడ్డాయి. 1976లో మాధ్యమిక్ మొదలైంది. ఇప్పుడు ఏటా లక్షల మంది రాస్తారు, పోలీసుల పహరాలో రాస్తారు, మొబైల్ దొరికితే పరీక్ష రద్దు. నేను రాసినప్పుడు మా హాల్లో ఎవరూ తల తిప్పలేదు. పతనం అక్కడితో అయిపోయిందనుకున్నాను.

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2016లో పశ్చిమ బెంగాల్ స్కూల్ సర్వీస్ కమిషన్ జరిపిన నియామకాలను పూర్తిగా రద్దు చేసింది. టీచర్లు, సిబ్బంది కలిపి 25 వేలకు పైగా ఉద్యోగాలు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్లో కలకత్తా హైకోర్టు చెప్పిందే సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. ఓఎంఆర్ పత్రంలో ఉన్న మార్కులు ఒకటి, కమిషన్ కంప్యూటర్లో ఉన్నవి ఇంకొకటి. అసలు ఓఎంఆర్ పత్రాలను కమిషన్ ఉంచలేదు, నాశనం చేసేసింది. కొందరు తప్పు చేసినట్టు తేలింది. కానీ మిగతావాళ్లు తప్పు చేయలేదని తేల్చడానికి కాగితం లేదు. మోసం మొత్తం ప్రక్రియనే చెడగొట్టింది, బాగుచేయడానికి వీల్లేదు అని కోర్టు తేల్చింది.

నాకు గోపాల్ సేన్ గారు, పెదనాన్న ఇద్దరూ ఒకేసారి గుర్తొచ్చారు. 1972లో హాల్లో కూర్చున్న కుర్రాళ్లు చేసింది, ఈసారి హాలు బయట, తాళం వేసిన గదుల్లో పెద్దవాళ్లు చేశారు. ఆనాడు పేదరికం, ఆవేశం అని ఏదో ఒక కారణం రాయొచ్చు. ఈసారి డబ్బు తప్ప ఇంకో కారణం రాయడానికి నాకు చేయి రాదు. ఉద్యోగం పోయినవాళ్లలో చరిత్ర చెప్పేవాళ్లున్నారు, లెక్కలు చెప్పేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి పాఠం చెప్పి, ఇల్లు కట్టుకోవడానికి అప్పు తెచ్చి, ఒక ఉదయం బడికి రావొద్దని విన్నవాళ్లు. సాల్ట్ లేక్‌లో విద్యాశాఖ ఆఫీసైన వికాస్ భవన్ ముందు వాళ్లు రోజుల తరబడి కూర్చున్నారు. కొన్ని బళ్లలో సైన్సు, లెక్కలు చెప్పే దిక్కు లేకుండా పోయింది. తప్పు తేలని టీచర్లను ఆ ఏడాది ఆఖరు వరకు పని చేయనివ్వమని కోర్టు తర్వాత అనుమతిచ్చింది. కానీ ఉద్యోగం నిలవాలంటే పరీక్ష మళ్లీ రాయాలి.

2025 సెప్టెంబరు 7న తొమ్మిది, పది తరగతుల టీచర్ల పరీక్ష, 14న పదకొండు, పన్నెండు తరగతులది. నడివయసు టీచర్లు అడ్మిట్ కార్డులు పట్టుకుని గేటు ముందు వరసలో నిలబడ్డారు. అదే వరసలో నిన్న మొన్న డిగ్రీ, బి.ఎడ్. ముగించినవాళ్లూ ఉన్నారు. బయటికి వచ్చేటప్పుడు ఈసారి ప్రతివాళ్ల చేతికీ ఓఎంఆర్ పత్రం కార్బన్ కాపీ ఇచ్చారు, ఇంటికి తీసుకెళ్లి దాచుకోమని.